గట్టి ఎల్మ్ అంటే దేనికి గట్టి?

1922లో అమెరికాలోని న్యూజెర్సీలో విలియం ఫ్లెమర్ అనే నర్సరీ యజమాని తన ఎల్మ్ మొక్కల్లోంచి ఒకదాన్ని ప్రత్యేకంగా ఎంచుకున్నాడు. నిటారుగా, ముచ్చటగా పెరుగుతోంది, వీధి పక్కన వరసగా నాటితే బాగుంటుంది అనుకున్నాడు. అంతకు మించి ఆయన చూసిందేమీ లేదు. ఆ రకానికి 'ప్రిన్స్‌టన్' అని పేరు వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత, ఊళ్ళకు ఊళ్ళే ఎల్మ్‌లను తుడిచిపెట్టే తెగులు అమెరికాలో బయటపడింది. చుట్టుపక్కల చెట్లు ఎండిపోతుంటే ప్రిన్స్‌టన్ చెట్లు చాలావరకు నిలబడ్డాయి. 2005 ప్రాంతంలో వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ముందున్న పెన్సిల్వేనియా అవెన్యూలో ఎల్మ్‌లు నాటినప్పుడు ఎంచుకున్నది ఈ రకాన్నే.

ఇంకోవైపు నెదర్లాండ్స్‌లో శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తెగులు ఎక్కించి పరీక్షించి, తట్టుకుంటుందని తేల్చుకుని, 1960లో 'కామెలిన్' అనే రకాన్ని విడుదల చేశారు. 1970లు వచ్చేసరికి అది వీధుల్లోనే తెగులుకు లొంగిపోవడం మొదలైంది. అందం చూసి ఎంచుకున్నది బతికింది, పరీక్ష పాసైంది పోయింది!

పరీక్షలు దండగ అనడం నా ఉద్దేశం కాదు. కామెలిన్ ఎందుకు పోయిందో కింద చెబుతాను, అందులో పరీక్ష చేసినవాళ్ళ తప్పేమీ లేదు. కానీ వీధికో పార్కుకో ఎల్మ్ ఎంచుకునేవాళ్ళు 'గట్టి రకం' అన్న మాట దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: దేనికి గట్టి? చలికా, తెగులుకా, పురుగుకా, మంచు బరువుకా, రోడ్డు పక్క బతుక్కా? ఒకదానికి గట్టిగా ఉన్న రకం ఇంకోదానికి అధ్వానంగా ఉండొచ్చు. నర్సరీ చీటీ మీద మాత్రం అన్నిటికీ కలిపి ఒకే మాట ఉంటుంది.

ఇన్ని తిప్పలు పడి ఎల్మే ఎందుకు?

ఎల్మ్‌లు ఉత్తర అమెరికా, ఐరోపా, ఆసియా ఖండాల్లోని చలి దేశాల చెట్లు. మనకు తెలిసిన నెమలినార చెట్టు కూడా ఈ కుటుంబంలోదే. అమెరికన్ ఎల్మ్ కాండం కొంత ఎత్తు వెళ్ళాక నాలుగైదు పెద్ద కొమ్మలుగా చీలి, పూలకూజా ఆకారంలో పైకి విచ్చుకుని, చివర్లు కిందికి వాలుతాయి. వీధికి రెండు వైపులా నాటితే పైన కలుసుకుని పందిరి వేస్తాయి. కింద బస్సులు, లారీలు కొమ్మ తగలకుండా పోతాయి. నేల గట్టిగా తొక్కుడు పడినా, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కొంత వేళ్ళకు చేరినా, కొన్నాళ్ళు నీళ్ళు నిలిచినా, కొన్నాళ్ళు వాన లేకపోయినా ఓర్చుకుంటుంది. పైగా త్వరగా పెరుగుతుంది. ఇన్ని లక్షణాలు ఒకే చెట్టులో దొరకడం అరుదు. తెగులు వచ్చి వందేళ్ళవుతున్నా నగరాలు ఎల్మ్ మీద ఆశ వదులుకోకపోవడానికి కారణం ఇదే. సెంటిమెంట్ కూడా ఉంది, కాదనను.

చెట్టు తన గొంతు తానే నొక్కుకుంటుంది

ఈ తెగులుకున్న 'డచ్ ఎల్మ్ తెగులు' అన్న పేరు నెదర్లాండ్స్‌కు అన్యాయం చేస్తుంది. తెగులు అక్కడ పుట్టలేదు, అక్కడ అర్థమైంది. 1910 తర్వాత వాయవ్య ఐరోపాలో ఎల్మ్‌లు ఎందుకు ఎండుతున్నాయో ఎవరికీ అంతుబట్టలేదు. యోహన్నా వెస్టర్‌డైక్ నడిపిన డచ్ ప్రయోగశాలలో బీయా ష్వార్ట్స్ 1920ల మొదట్లో దీనికి కారణమైన శిలీంధ్రాన్ని పట్టుకుంది. నమ్మనివాళ్ళు చాలామందే ఉన్నారు. తర్వాత క్రిస్టీన్ బౌస్మన్ అనుమానం లేకుండా రుజువు చేసింది. ముగ్గురూ ఆడవాళ్ళే. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

శిలీంధ్రం దానంతట అది చెట్టు నుంచి చెట్టుకు ఎగరలేదు. బెరడు కింద బతికే చిన్న పెంకు పురుగులు దాన్ని మోస్తాయి. ఈ పురుగులు చావడానికి సిద్ధంగా ఉన్న లేదా కొత్తగా నరికిన ఎల్మ్ బెరడు కింద గుడ్లు పెడతాయి. ఆ చెట్టుకు తెగులు ఉంటే, బయటికొచ్చే కొత్త తరం పురుగుల ఒంటి నిండా శిలీంధ్ర బీజాలు అంటుకుని ఉంటాయి. అవి ఆరోగ్యంగా ఉన్న ఎల్మ్ మీద వాలి లేత కొమ్మల పంగల్లో కొరుక్కు తింటాయి. ఆ గాయంలోంచి బీజాలు నీటి నాళాల్లో పడతాయి.

అసలు కథ ఇక్కడే. లోపలికి వచ్చినదాన్ని ఆపడానికి చెట్టు తన నాళాలను తానే జిగురుతోనూ, బుడగల్లాంటి కణాలతోనూ మూసేసుకుంటుంది. శిలీంధ్రం కంటే ముందుగా దారి మూస్తే గెలిచినట్టు. ఆలస్యమైతే శిలీంధ్రం పైపైకి పోతూ ఉంటుంది, చెట్టు వెనక వెనకే నాళాలు మూసుకుంటూ పోతుంది, చివరికి ఆకులకు నీళ్ళు అందవు. ఎండాకాలం మొదట్లో పచ్చటి చెట్టులో ఒక్క కొమ్మ మాత్రం పసుపురంగుకు తిరిగి వేలాడుతుంది. ఆ కొమ్మ బెరడు గీకి చూస్తే కింద గోధుమరంగు చారలు. కొన్ని చెట్లు ఆ ఏడాదే పోతాయి, కొన్ని రెండు మూడేళ్ళు ఈడుస్తాయి.

పక్కపక్కన నాటిన ఎల్మ్‌ల వేళ్ళు మట్టిలో ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. అప్పుడు పురుగుతో పని లేకుండానే తెగులు వేళ్ళలోంచి వరసలోని తర్వాతి చెట్టుకు పాకుతుంది. వీధి పందిరి కోసం దగ్గర దగ్గరగా నాటిన వరసే తెగులుకు రహదారి అయింది.

అమెరికాకు ఇది చెక్క పలకల కోసం ఐరోపా నుంచి తెప్పించిన ఎల్మ్ దుంగల్లో దాక్కుని వచ్చింది. 1930లో ఒహాయోలో బయటపడింది. 1960ల చివర్లో అటు నుంచి ఇటు ఎదురు ప్రయాణం జరిగింది. కెనడా నుంచి వచ్చిన దుంగల్లో ఇంకా భయంకరమైన రూపంలో బ్రిటన్ చేరి, రెండున్నర కోట్లకు పైగా ఎల్మ్‌లను చంపేసింది. ఈ రెండో శిలీంధ్రం మొదటిదానికి చుట్టమే కానీ వేరే జాతి అని తేల్చి, 1991లో క్లైవ్ బ్రేసియర్ దానికి విడిగా పేరు పెట్టాడు.

కామెలిన్ కథ ఇప్పుడు అర్థమవుతుంది. అది పరీక్ష నెగ్గింది మొదటి శిలీంధ్రం మీద. వీధిలో ఎదురైంది రెండోది. అందుకే ఏ రకాన్నైనా 'తట్టుకుంటుంది' అంటే నేను అడిగే మొదటి మాట: 1970ల తర్వాత, కొత్త శిలీంధ్రంతో పరీక్షించారా?

'తట్టుకోవడం'లో మూడు రకాలు

ఏ ఎల్మ్‌కూ ఈ తెగులు అసలు రానే రాదు అని రాసిచ్చేవాళ్ళు లేరు. పరీక్షల్లో కుర్ర చెట్ల కాండానికి చిన్న రంధ్రం చేసి, లెక్కపెట్టిన బీజాలను నేరుగా నాళాల్లోకి ఎక్కిస్తారు. కొన్ని వారాల తర్వాత తలలో ఎంత భాగం వాడిందో, మరుసటి ఏడాది ఎంత భాగం ఎండిందో చూస్తారు. మంచి రకాల్లో కూడా కొంత వాడుతుంది. అవి కోలుకుంటాయి, మిగతావి కోలుకోవు. అంటే మనం కొంటున్నది కోలుకునే శక్తి. కరువులో, రాళ్ళ మధ్య, కాంక్రీట్ గుంటలో నీరసించిన చెట్టుకు ఆ శక్తి తగ్గుతుంది. కుర్ర చెట్టు మార్కులు పెద్ద చెట్టుకు అచ్చంగా వర్తిస్తాయన్న భరోసా కూడా లేదు.

రెండో రకం పూర్తిగా వేరు. ఐరోపాలో తెల్ల ఎల్మ్ అనే జాతి ఉంది. శిలీంధ్రాన్ని లోపలికి ఎక్కిస్తే అది మామూలుగానే జబ్బుపడుతుంది. కానీ దాని బెరడులో ఉన్న ఒక పదార్థం పెంకు పురుగులకు గిట్టదు. అందుకని అవి దాని జోలికి పెద్దగా పోవు. ప్రయోగశాలలో ఫెయిల్, ఆరుబయట పాస్. బయట పాస్ అయితే చాలదా అంటే, చాలా చోట్ల చాలు. నదుల ఒడ్డున, నీళ్ళు నిలిచే పార్కుల్లో ఇది మంచి చెట్టు.

మూడోది వట్టి అదృష్టం. ఊరికి దూరంగా, పురుగులు చేరని చోట ఒంటరిగా బతికిపోయిన పెద్ద ఎల్మ్‌ను చూసి 'ఇది తట్టుకునే రకం' అని గింజలు ఏరుకునేవాళ్ళు ఉంటారు. వాపును చూసి బలుపు అనుకోవడమే ఇది. ఆ చెట్టుకు తెగులు ఎప్పుడూ ఎదురుపడి ఉండకపోవచ్చు.

అమెరికన్ ఎల్మ్‌ల సంగతి

మిగతా ఎల్మ్ జాతుల్లో చాలావాటికి క్రోమోజోములు 28 ఉంటే అమెరికన్ ఎల్మ్‌కు 56. ఆ తేడా వల్ల తెగులు తట్టుకునే ఆసియా జాతులతో దీన్ని సంకరం చేయడం మహా కష్టం. దాంతో మిగిలిన దారి, కోట్ల చెట్ల మధ్య బతికినవాటిని వెతికి, పరీక్షించి, అచ్చం వాటిలాంటివే మళ్ళీ మళ్ళీ పెంచడం.

ఆ వెతుకులాటలో దొరికినవాటిలో 'వ్యాలీ ఫోర్జ్', 'న్యూ హార్మొనీ' అనే రెంటిని అమెరికా జాతీయ వృక్షోద్యానం 1995లో విడుదల చేసింది. తెగులు పరీక్షల్లో వ్యాలీ ఫోర్జ్‌కు అమెరికన్ ఎల్మ్‌లన్నిట్లో అత్యుత్తమ మార్కులు వచ్చాయి. కాగితం మీద చూస్తే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అది చిన్నప్పుడు తలాతోకా లేకుండా పెరుగుతుంది. కొమ్మలు అడ్డదిడ్డంగా వచ్చి, ఏటా కత్తిరించి దారిలో పెట్టకపోతే పదేళ్ళకు పంగల దగ్గర చీలిపోయే చెట్టు తయారవుతుంది. ఏడాదికోసారి నిచ్చెన వేసుకుని వచ్చే మనిషి ఉన్న పార్కుకు వ్యాలీ ఫోర్జ్ సరే. నాటి వదిలేసే నగరానికి న్యూ హార్మొనీ మేలు, మార్కులు కాస్త తగ్గినా ఆకారం కుదురుగా ఉంటుంది. ప్రిన్స్‌టన్ ఆకారం ఇంకా బాగుంటుంది కానీ దాని కొమ్మలు మరీ నిటారుగా లేస్తాయి. పంగలు ఇరుకుగా ఉండి, మధ్యలో బెరడు ఇరుక్కుని, గాలివానకు చీలే ప్రమాదం ఉంది. చిన్నప్పుడే సరిచేసుకోవాలి.

'జెఫర్సన్' వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ అనే పెద్ద పచ్చిక మైదానంలో బతికిన చెట్టు సంతతి. 2005లో విడుదలైంది. దాని క్రోమోజోములు 56 కూడా కాదు, 42 అని తర్వాత తేలింది. ప్రకృతి తన లెక్క తాను చేసుకుంది! 'ప్రెయిరీ ఎక్స్‌పెడిషన్' నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళది. ఫార్గో దగ్గర వైల్డ్ రైస్ నది పక్కన చుట్టూ ఉన్నవన్నీ చచ్చిపోగా మిగిలిన చెట్టు నుంచి తీసి 2004లో విడుదల చేశారు. ఇది పైన చెప్పిన 'అదృష్టం' కోవలోకి రాదు. చుట్టూ తెగులు ఉందని చచ్చిన చెట్లే సాక్ష్యం.

ఈ అమెరికన్ రకాలన్నిటికీ ఒక బలహీనత ఉంది, దాన్ని చీటీల మీద ఎవరూ రాయరు. ఎల్మ్ పసుపు తెగులు అని ఇంకో జబ్బు. దీనికి కారణం శిలీంధ్రం కాదు, ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. దీన్ని మోసేవి దీపపు పురుగులు. ఇది నీటి నాళాలను వదిలేసి, ఆకుల్లో తయారైన ఆహారాన్ని వేళ్ళకు చేర్చే లోపలి బెరడును చంపుతుంది. డచ్ తెగులుకు గట్టిగా నిలబడే చెట్టు కూడా దీని ముందు నిస్సహాయం, మందు లేదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలోని పేరున్న ఎల్మ్ వరసల్లో 2007లో ఇది బయటపడి, దశాబ్దాలు కాపాడుకున్న చెట్లను చాలావాటిని తీసుకుపోయింది. ఈ జబ్బు ఉన్న ప్రాంతంలో అమెరికన్ ఎల్మ్‌ల వరస నాటడం జూదమే. ఆసియా జాతులకు దీని బెడద బాగా తక్కువ.

ఆసియా చుట్టాలు

డచ్ తెగులుకు ఆసియా ఎల్మ్‌లు చాలావరకు ఓర్చుకుంటాయి. కానీ ఆసియా ఎల్మ్ అంటే ఒకటి కాదు, ఇక్కడ పేర్ల గందరగోళం నిజంగానే డబ్బు పోగొట్టే రకం. సైబీరియన్ ఎల్మ్, చైనా ఎల్మ్ రెండూ పూర్తిగా వేరు చెట్లు. అయినా అమెరికాలో చాలాచోట్ల సైబీరియన్‌నే చైనా ఎల్మ్ అని పిలుస్తూ వచ్చారు.

సైబీరియన్ ఎల్మ్ ఎంత చలికైనా, ఎంత కరువుకైనా చావదు. 1930ల దుమ్ము తుపాన్ల కాలంలో అమెరికా మైదానాల్లో గాలిని అడ్డుకోవడానికి విరివిగా నాటింది దీన్నే. 'గట్టి' అన్న మాటకు చలి ఒక్కటే కొలత అయితే ఇంతకు మించిన చెట్టు లేదు. కానీ చెక్క పెళుసు. మంచు పేరుకుంటే కొమ్మలు పటపట విరుగుతాయి. ఎల్మ్ ఆకు పెంకు పురుగులకు ఇది విందు భోజనం, నడి వేసవికి ఆకులు జల్లెడ అయిపోతాయి. గింజలు లక్షల్లో రాల్చి కంచెల్లో, కాలవల్లో, పగుళ్ళలో మొలుస్తుంది. వీధికి నేనైతే దీన్ని ఎప్పుడూ సిఫారసు చేయను.

చైనా ఎల్మ్‌ది చిన్న ఆకు, బెరడు పొరలు పొరలుగా ఊడి నారింజ, బూడిద, ఆకుపచ్చ మచ్చలతో ముచ్చటగా ఉంటుంది. మిగతా ఎల్మ్‌లు చాలావరకు వసంతంలో పూస్తే ఇది వేసవి చివర, శరత్తులో పూస్తుంది. సందేహం వస్తే గుర్తుపట్టడానికి ఇదే మంచి ఆనవాలు. చెక్క గట్టిది, ఆకు పురుగులు పెద్దగా ముట్టవు. అయితే చలి దగ్గర తేలిపోతుంది. ఇందులోని కొన్ని రకాలు వెచ్చటి రాష్ట్రాలకే పనికొస్తాయి. సైబీరియన్ చలి, చైనా బెరడు రెండూ ఒకే చెట్టులో వస్తాయని నమ్మి కొన్నవాళ్ళు మోసపోతారు.

వీటి మధ్యలో జపనీస్ ఎల్మ్ ఉంది, ఇవాళ్టి మంచి హైబ్రిడ్లలో చాలావాటికి తల్లో తండ్రో ఇదే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్మాలీ, హొక్కైడోలోని సప్పొరో నుంచి వచ్చిన గింజల నుంచి 'సప్పొరో ఆటమ్ గోల్డ్' తీశాడు. అది జపనీస్, సైబీరియన్ ఎల్మ్‌ల కలయిక. అదే విశ్వవిద్యాలయం నుంచి తర్వాత 'న్యూ హొరైజన్' వచ్చింది. ఇలినాయ్‌లోని మోర్టన్ అర్బొరేటంలో జార్జ్ వేర్ చేసిన పని ఇంకా విస్తృతమైంది. ఆ తోటలో ఒక ఎల్మ్ ఉండేది. బోస్టన్‌లోని ఆర్నల్డ్ అర్బొరేటం నుంచి 1924లో గింజలుగా వచ్చింది. తెగులు వచ్చి చుట్టుపక్కల ఎల్మ్‌లు పోయినా అది చెక్కుచెదరలేదు, పైగా ఆకారం అమెరికన్ ఎల్మ్‌కు దగ్గరగా ఉంది. అదే ఇవాళ 'ఆకొలేడ్' పేరుతో అమ్ముతున్న రకం. దాని అసలు పేరు 'మోర్టన్'. అలాగే 'ట్రయంఫ్' అసలు పేరు 'మోర్టన్ గ్లాసీ'. మార్కెట్ పేరు, అసలు పేరు వేరువేరుగా ఉండటం వల్ల ఒకే రకాన్ని రెండు పేర్లతో నాటి, రెండు రకాలు నాటామని సంతోషపడే ప్రమాదం ఉంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు అసలు పేరు అడగాలి.

మన దేశానికి ఈ కథలో చిన్న వాటా ఉంది. కశ్మీర్ వైపు పెరిగే హిమాలయన్ ఎల్మ్ నుంచి డచ్ పరిశోధకులు తెగులు తట్టుకునే గుణాన్ని తమ హైబ్రిడ్లలోకి తెచ్చుకున్నారు. సముద్రపు గాలికి ఎల్మ్ బాగా ఓర్చుకుంటుంది కాబట్టి తీరం వెంబడి వాళ్ళకు దీనికి ప్రత్యామ్నాయం దొరకలేదు. హాన్స్ హేబ్రూక్ ఆధ్వర్యంలో సాగిన ఆ పని నుంచి 1973లో 'లోబెల్', 'డోడూన్స్', 'ప్లాంటిన్' వచ్చాయి. 2002లో ఫ్రాన్స్‌లో విడుదలైన 'లూటేస్' కూడా ఆ వంశంలోదే, అందులో హిమాలయ రక్తం ఉంది. ఇటలీలో కొంత వేడి, పొడి వాతావరణానికి సైబీరియన్ ఎల్మ్ కలిపి 'సాన్ జనోబి', 'ప్లీనియో' లాంటివి తీశారు. ఉత్తరాన మంచిదని తేలింది దక్షిణాన పనికిరావాలని లేదు, అందుకే ఎవరి పెంపకం వాళ్ళది.

అమెరికాలో 2005లో మొదలుపెట్టి వేర్వేరు రాష్ట్రాల్లో ఒకే రకాలను పక్కపక్కన నాటి పదేళ్ళు గమనించిన జాతీయ ఎల్మ్ పరీక్ష ఒకటి జరిగింది. నాకు నమ్మకం కలిగించేది ఇలాంటి పరీక్షే, ఎందుకంటే ఇందులో చెట్టు మొత్తం బతుకు చూశారు. అమెరికన్ ఎల్మ్‌లలో న్యూ హార్మొనీ, ప్రిన్స్‌టన్, ఆసియా మూలాల్లో మోర్టన్ వాళ్ళ రకాలు, న్యూ హొరైజన్ మెరుగ్గా తేలాయి. తెగులు పరీక్షలో ఫస్ట్ వచ్చిన వ్యాలీ ఫోర్జ్ ఈ జాబితాలో లేకపోవడం గమనించండి.

చలి లెక్క

అమెరికా వ్యవసాయ శాఖ చలి మండలాల పటం ఒక ప్రాంతంలో చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు చెబుతుంది. మూడో మండలం అంటే మైనస్ 40 నుంచి మైనస్ 34 డిగ్రీల సెల్సియస్ దాకా, నంబరు పెరిగేకొద్దీ చలి తగ్గుతుంది. ఆ నంబరు చూసి చాలామంది తృప్తిపడిపోతారు. కానీ ఎల్మ్‌లను ఎక్కువగా దెబ్బతీసేది నడి చలికాలం కంటే అటూ ఇటూ ఉన్న రోజులు. శరత్తులో ఆలస్యంగా నిద్రలోకి పోయే చెట్టు మొదటి గడ్డకట్టే రాత్రికే కొమ్మ చివర్లు పోగొట్టుకుంటుంది. వసంతంలో తొందరపడి చిగురించేది చివరి మంచుకు దొరుకుతుంది. అమెరికన్ ఎల్మ్ సహజంగా ఫ్లోరిడా నుంచి కెనడా మైదానాల దాకా పెరుగుతుంది. దక్షిణాది గింజకు పుట్టిన మొక్క ఉత్తరాన అదే జాతి పేరుతో నాటినా తట్టుకోలేదు. జాతి పేరు చలికి హామీ కాదు, ఆ మొక్క పూర్వీకులు ఎక్కడివారో చూడాలి.

అతి చలి ఉన్న మైదానాలకు ప్రెయిరీ ఎక్స్‌పెడిషన్, మానిటోబాలో తీసిన జపనీస్ ఎల్మ్ రకం 'డిస్కవరీ' లాంటివి నమ్మదగినవి. ఆకొలేడ్, ట్రయంఫ్ నాలుగో మండలం దాకా బాగానే ఉంటాయి. శరత్తులో ఎర్రబడే ఆకుల కోసం చాలామంది ఇష్టపడే 'ఫ్రాంటియర్' అయిదో మండలం కంటే చల్లటి చోటికి పనికిరాదు. అంటు కట్టిన వేరు మొక్క ఎంత చలికి ఓర్చుకుంటుందో కూడా చూసుకోవాలి. పైన రకం గట్టిదైనా కింద వేరు మెత్తనిదైతే లాభం లేదు.

వేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. కొన్ని నర్సరీలు అంటు కడతాయి, కొన్ని కొమ్మ ముక్కను నేరుగా వేరు పట్టిస్తాయి. రెండో పద్ధతి మొక్క ఖరీదైనా అదే కొనాలంటాను. అంటు చెట్టుకు కింద నుంచి పిలకలు వస్తాయి, అవి వేరు మొక్కవి, తెగులుకు లొంగే జాతివి కావచ్చు. ఎవరూ పట్టించుకోకపోతే పిలక పెరిగి అసలు చెట్టును మింగేస్తుంది. పదిహేనేళ్ళ తర్వాత ఆ చెట్టు చచ్చిపోతే అందరూ రకాన్నే తిడతారు.

మళ్ళీ అదే తప్పు చేయొద్దు

తెగులు తట్టుకునే రకం దొరికింది కదా అని ఊరంతా అదే నాటాలనిపించడం సహజం. కానీ ప్రిన్స్‌టన్ చెట్టు ఏదైనా ఇంకో ప్రిన్స్‌టన్ చెట్టుకు అచ్చు నకలు, క్లోన్. ఒకదాన్ని పడగొట్టే జబ్బు అన్నిటినీ పడగొడుతుంది. ఇంగ్లండ్‌లో ఇది ఒకసారి జరిగింది. పల్లెల్లో ఎక్కడ చూసినా కనిపించే ఇంగ్లిష్ ఎల్మ్‌లు దాదాపు అన్నీ ఒకే క్లోన్ అని, దాన్ని రోమన్లు ద్రాక్ష తీగలకు ఆసరా కోసం పెంచిన ఎల్మ్ నుంచి తెచ్చారని 2004లో జన్యు పరిశోధన చూపించింది. ఒకటో శతాబ్దంలో వ్యవసాయం మీద రాసిన కొలుమెల్లా మెచ్చుకున్న ఎల్మ్ అది. గింజలు దాదాపు కాయదు, పిలకలతోనే వ్యాపిస్తుంది. రెండు వేల ఏళ్ళు అదే చెట్టు. 1970ల్లో తెగులు వచ్చినప్పుడు వేరేలా స్పందించే చెట్టు ఒక్కటీ దొరకలేదు.

అమెరికాలో ఎల్మ్‌లు పోయిన ఖాళీల్లో చాలా నగరాలు యాష్ చెట్లు నాటాయి. 1977లో ఒక్క ఏడాదే 30 వేలకు పైగా ఎల్మ్‌లు పోగొట్టుకున్న మినియాపొలిస్ కూడా వాటిలో ఒకటి. 2002లో డెట్రాయిట్ దగ్గర యాష్ చెట్లను తొలిచి చంపే ఆసియా పెంకు పురుగు బయటపడింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డారు.

1990లో ఫ్రాంక్ సాంటమోర్ ఒక సూత్రం చెప్పాడు: నగరంలో ఒక జాతి చెట్లు పది శాతానికి, ఒక ప్రజాతివి ఇరవై శాతానికి, ఒక కుటుంబానివి ముప్పై శాతానికి మించకూడదు. ఎల్మ్‌లకు సంబంధించి నేను దీనికి ఒకటి కలుపుతాను. ఏ ఒక్క క్లోన్ కూడా ఒక వీధి పొడవునా ఉండకూడదు. అప్పుడు పందిరి ఒకే తీరుగా కనబడదు కదా అంటారు. ఒక వైపు న్యూ హార్మొనీ, ఒక వైపు ఆకొలేడ్ పెట్టినా కింద నడిచేవాళ్ళలో నూటికి తొంభై మంది గుర్తుపట్టరు.

మరి ఏది నాటాలి?

ఒకే జవాబు లేదు, కానీ నా మొగ్గు ఎటో చెబుతాను. పసుపు తెగులు ఉన్న ప్రాంతంలో, లేదా అక్కడ ఉందో లేదో ఎవరికీ తెలియని చోట, వీధికి ఆకొలేడ్ లేదా ట్రయంఫ్. ఆ తెగులు లేని చోట, కత్తిరింపులకు మనుషులు ఉంటే ప్రిన్స్‌టన్, లేకపోతే న్యూ హార్మొనీ. మైనస్ 40 దాకా పోయే చోట ప్రెయిరీ ఎక్స్‌పెడిషన్, దానికి తోడు డిస్కవరీ. ఇళ్ళ గోడలు దగ్గరగా ఉన్న ఇరుకు వీధికి సన్నగా స్తంభంలా పెరిగే డచ్ రకం 'కొలుమెల్లా' ఉంది, పైన చెప్పిన రోమన్ రచయిత పేరే దానికి పెట్టారు. కరెంటు తీగల కింద అయితే ఎల్మ్ ఆలోచనే మానుకోండి. ఇరవై మీటర్లు దాటే చెట్టును ఏటా తల నరుకుతూ పెంచడం చెట్టుకూ బాధ, చూసేవాళ్ళకూ బాధ. పార్కులో చోటు ఉంటుంది కాబట్టి అక్కడ ప్రయోగాలు చేయొచ్చు, తెల్ల ఎల్మ్, చైనా ఎల్మ్, వ్యాలీ ఫోర్జ్ అన్నిటికీ అక్కడే అవకాశం ఇవ్వాలి. బ్రిటన్‌లో పార్కులకు ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఒక సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఎల్మ్ తప్ప వేరే ఆకు ముట్టవు. ఎల్మ్‌లతో పాటు అదీ కనుమరుగయ్యే పరిస్థితి వచ్చింది. ఇప్పుడు దాని కోసమే తెగులు తట్టుకునే రకాలు నాటుతున్నారు.

నాటడంతో పని అయిపోదు. మొదటి పదేళ్ళలో రెండేళ్ళకోసారైనా పంగలు చూసి, పోటీ పడే రెండు తలల్లో ఒకటి తీసేయాలి. కత్తిరింపు చలికాలంలోనే చేయాలి, పచ్చి గాయం వాసనకు పెంకు పురుగులు వస్తాయి. ఉత్తర అమెరికా నగరాల్లో అతి ఎక్కువ ఎల్మ్‌లున్న విన్నిపెగ్‌లో ఏప్రిల్ 1 నుంచి జూలై 31 దాకా ఎల్మ్ కొమ్మ కత్తిరించడం చట్టం ప్రకారం నేరం, ఎల్మ్ కట్టెలు దాచుకోవడం కూడా. బెరడు ఉన్న కట్టెల పేర్పు అంటే పురుగుల హాస్టల్ అన్నమాట. అక్కడ ఇన్ని వేల పాత ఎల్మ్‌లు ఇంకా నిలబడి ఉండటానికి కొత్త రకాల కంటే ఈ కట్టడే ఎక్కువ కారణం.

నాటిన రోజే ప్రతి గుంటకూ రిజిస్టర్‌లో మూడు సంగతులు రాసి పెట్టుకోవాలి: రకం అసలు పేరు, మొక్క వచ్చిన నర్సరీ, అంటా సొంత వేరా. ఇరవై ఏళ్ళ తర్వాత వరసలో మూడు చెట్లు ఎండితే, మిగిలినవి ఎందుకు ఎండలేదో తెలుసుకోవడానికి ఆ పేజీ తప్ప ఇంకో దారి ఉండదు.